‘వస్తే చెప్పు’ పాటకి ఎనిమిదో గొంతు

“ఏవండీ!”

పెళ్ళికాని మగవాణ్ణి, అందులోనూ ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, ఓ అమ్మాయి వెనకనుంచి ‘ఏవండీ’ అని పిలిస్తే గుండె ఒక దెబ్బ ఎక్కువ కొట్టుకుంటుంది. ఇతనికీ కొట్టుకుంది. వెనక్కి తిరిగేసరికి మాత్రం ఆ పిలుపులో అనురాగం లేదనీ, ఉన్నదల్లా ఆరోహణలో ఉన్న కోపమేననీ తెలిసిపోయింది.

“ఆవిణ్ణి తుడిచేసింది మీరేనా?”

“ఎవర్నండీ?”

“పాట చివర ఉండే ఆవిణ్ణి!”

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి చేతిలో హెడ్‌ఫోన్స్, జుట్టుమీద వాన తుంపర, కళ్ళల్లో మెరుపు, గొంతులో ఉరుము. వాతావరణ బులెటిన్ మొత్తం చెప్పులు వేసుకుని నడిచొచ్చినట్టు ఉంది.

అతను ఆ రేడియో స్టేషన్‌లో పాత రికార్డులు బాగుచేసే మనిషి. అరిగిన డిస్కుల్నీ, బూజుపట్టిన టేపుల్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, వాటిలోని గరగరలూ చిటపటలూ బుసబుసలూ ఏరి పారేయడం అతని పని. అందుకే స్టేషనంతా అతన్ని ‘చీపురు’ అంటుంది. ఆమె పొద్దున ఆరింటికి టైము చెప్పి ఊరిని నిద్రలేపే అనౌన్సరు. మైకు ముందు నోరు తెరిచే ప్రతిసారీ ముందుగా ఒక చిటికె వేస్తుంది. కాబట్టి ఆమె ‘చిటికె’. డ్యూటీలు కలవక ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడలేదు గానీ, ఆర్నెల్లుగా అతను ఆమె గొంతు వింటూనే పళ్ళు తోముకుంటున్నాడు. కొన్నాళ్ళుగా తోముకున్న పళ్ళే మళ్ళీ తోముకుంటున్నాడు. మైకులోంచి మైకం ఎలా వస్తుందో అతనికి తెలిసినంతగా మైకు కనిపెట్టినవాడికి కూడా తెలిసుండదు.

“శనివారం ప్రోగ్రాంకి మీరు శుభ్రం చేసి పంపారు కదా, ‘వస్తే చెప్పు’ పాట. యాభై ఏళ్ళ పాట. చివర కూనిరాగం ఏదండీ?”

“ఓ, అదా! నాయిస్ అండీ అది. ఒకటిన్నర సెకండ్లు సన్నగా ‘మ్’ అని ఉంది. మోటారు చప్పుడు అయ్యుంటుంది.”

“మోటారు ఊపిరి తీసుకుంటుందా?”

  ఆ ‘మ్’ ముందు చిన్న ఊపిరి ఉన్నమాట నిజమే. దాన్నీ తనే తుడిచాడు.

“పాట అప్పటికే అయిపోయింది కదండీ?” అన్నాడు.

“అయిపోలేదు. నా గొడవంతా అదే.”

చిటికె వేసి మరీ వెళ్ళిపోయింది.

ఆ పాట తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ‘వస్తే చెప్పు, వాకిట్లో ఉంటాను. రాకుంటే చెప్పు, వాననుకుంటాను.’ గుమ్మం దగ్గర విప్పే చెప్పు కాదు, నోరు విప్పి చెప్పే చెప్పు. ఒకావిడ ఎవరి కోసమో కాచుకుని ఉంటుంది. బయట అడుగుల చప్పుడో, వానచుక్కలో తేలదు. రెండు చరణాలు. అంతే, ఐపోతుంది. బస్సుల్లో పాడారు, బాత్రూముల్లో పాడారు, ప్రేమలో పడి పాడారు, ప్రేమలోంచి లేచి పాడారు. యాభై ఏళ్ళలో ఏడుసార్లు రికార్డయింది.

మర్నాడు మధ్యాహ్నం డైరెక్టరుగారు చీపురు గదికి వచ్చారు. ఆయన పేరుకే డైరెక్టరు, ఏదీ డైరెక్టుగా చెప్పరు.

“బాబూ, నా వార్షికోత్సవ ప్రసంగం నువ్వే కదా శుభ్రం చేసింది?”

“అవునండీ.”

“బాగా చేశావు. చాలా బాగా. మా ఆవిడ కూడా వింది.”

“సంతోషమండీ.”

“నాకు లేదయ్యా సంతోషం! నేను ‘సెలవు’ అనగానే వెనకాల ఎవరో ఆడమనిషి కూనిరాగం తీస్తోంది. ఆవిడెవరని మా ఆవిడ పొద్దుట్నుంచీ అడుగుతోంది. ఏం చెప్పను?”

అతను నవ్వబోయి ఆగాడు. ప్రసంగం తెరమీద పెట్టి చూశాడు. చప్పుడు బొమ్మగా కనిపించే తెర అది. మాటలు మబ్బుల్లా, కూనిరాగం దారంలా కనిపిస్తాయి. ‘సెలవు’ అన్న మబ్బు తర్వాత సన్నటి దారం ఉంది. దాని ముందు ఊపిరంత చిన్న మచ్చ ఉంది. పాటలోంచి తను తుడిచిన దారమే, అదే ఒంపు, చుక్క కూడా తేడా లేదు.

ఆ వారం తను బాగుచేసిన మిగతావన్నీ వరసగా తెరిచాడు. వాతావరణంలో ‘ఈదురుగాలులు వీచే అవకాశం’ తర్వాత ఉంది. కూరగాయల ధరల్లో బంగాళాదుంప తర్వాత ఉంది. ఓ పెద్దమనిషి సంతాప సభలో అందరూ మౌనం పాటిస్తున్న రెండు నిమిషాల్లో సరిగ్గా మధ్యన ఉంది.

ఆ గది గోడలకి నాలుగంగుళాల స్పాంజి. చప్పుడు పుట్టిన చోటే చచ్చిపోతుంది. అందులో కూర్చుంటే మనిషికి తన నెత్తురు పారే చప్పుడు వినబడుతుంది. ఆ మధ్యాహ్నం అతనికి అది కాస్త గట్టిగానే వినబడింది.

“ఏవండీ” అని ఈసారి అతను పిలిచాడు, అనౌన్సర్ల గదికి పరిగెత్తి. “ఒకసారి వచ్చి వింటారా?”

ఆమె అన్నీ వింది. భయపడుతుందనుకున్నాడు. జాలిపడింది.

“ఇంట్లోంచి ఊడ్చేస్తే ఎక్కడికెళ్తుంది పాపం? దొరికిన గుమ్మంలో తలదాచుకుంటోంది.”

“మీరు... నిజంగానే అంటున్నారా?”

“నిజమో కాదో ఆవిణ్ణి తీసుకొచ్చి పాటలో పెట్టి చూడండి.”

అసలు డిస్కునుంచి ఆ ఒకటిన్నర సెకండ్లూ తెచ్చి పాట చివర అతికించాడు. తర్వాత వాతావరణం తెరిచాడు. ఈదురుగాలుల తర్వాత ఏమీ లేదు. బంగాళాదుంప తర్వాత వంకాయే ఉంది. డైరెక్టరుగారి సంసారం కూడా శ్రుతిలో పడింది.

“చూశారా! ఇంటికెళ్ళిపోయింది” అంది ఆమె, పక్కింటి పిన్నిగారి గురించి చెప్పినంత మామూలుగా.

శనివారం సాయంత్రం ప్రోగ్రాం ఆ పాట గురించే. అరగంట. ఏడు వెర్షన్లూ కొంచెం కొంచెం వినిపిస్తూ ఆమె వాటి కథ చెప్పాలి. చివర లైవ్‌లో తనే పాడాలి. ఎనిమిదో వెర్షన్ ఆమెది. అందుకని వారమంతా మధ్యాహ్నాలు ఇద్దరూ ఆ గదిలో కూర్చున్నారు. స్పీకర్లలో పెడితే స్పాంజి మింగేస్తోందని, ఒకే హెడ్‌ఫోన్స్‌ని విడదీసి ఆమె కుడి చెవికి, అతను ఎడమ చెవికి పెట్టుకున్నారు. తలలు దగ్గరగా వచ్చాయి. ఆమె జుట్టు అతని భుజమ్మీద పడింది. చీపురు జీవితంలో మొదటిసారి ఏదో ఒకటి దులుపుకోకుండా ఉంచుకున్నాడు.

రెండోది ఓ హోటల్ బ్యాండువాళ్ళది, డాన్సుకి పనికొచ్చేలా వాయించారు. మూడోది ఓ సంగీతం టీచరుది, డాన్సుకే కాదు, మేలుకుని ఉండటానికి కూడా పనికిరాదు. నాలుగోది క్లారినెట్. అయిదోది ఆమె మేనత్తది. ఆరోది ఇద్దరు అక్కచెల్లెళ్ళు గిటారుతో. ఏడోది ఓ డీజే అమ్మాయి రీమిక్స్, పాటని మిక్సీలో వేసి మూత పెట్టడం మర్చిపోయినట్టుంది.

అన్నింటి చివరా కూనిరాగం ఉంది.

“దీనికి కారణముంది” అన్నాడతను గబగబా. “పాత పాట మళ్ళీ పాడేవాళ్ళకి ముందు వెర్షన్ చెవుల్లో వినిపిస్తారు, గైడ్‌గా. హెడ్‌ఫోన్స్‌లోంచి అది కొంచెం కారి మైకులో పడుతుంది. దాన్ని లీకేజీ అంటాం. అలా ఒకదాన్నుంచి ఇంకోదానికి...”

“మరి క్లారినెట్ ఆయన?”

“ఆయనకీ...”

“ఆయన చెవులకి ఏదీ తగిలించుకునేవాడు కాదట. అద్దాలు కూడా ముక్కుమీదే నిలబెట్టుకునేవాడట. ఆయన ఫైల్లో రాసుంది.”

అతను నాలుగోది మళ్ళీ పెట్టాడు. క్లారినెట్ ఆగింది. ఊపిరి. ‘మ్...’

నోట్లో క్లారినెట్ ఉన్న మనిషి కూనిరాగం ఎలా తీస్తాడు?

ఇంకోటి కూడా గమనించాడు. కొలిచి చూశాడు. మొదటి డిస్కులో ఒకటిన్నర సెకండ్లు. టీచరుగారిలో మూడు. క్లారినెట్‌లో నాలుగు. డీజే అమ్మాయిలో ఎనిమిదికి కాస్త తక్కువ. వెర్షన్ వెర్షన్‌కీ అది పెరుగుతోంది. దారం మందమవుతోంది కూడా. ఒక గొంతు పక్కన ఇంకో గొంతు చేరుతున్నట్టు.

“ఈ డీజే అమ్మాయి తర్వాత ఏం పాడింది?” అనడిగాడు.

ఆమె నోట్సు తిరగేసింది. “ఏమీ పాడలేదు. ఇప్పుడు కుక్కలకి ట్రైనింగ్ ఇస్తుందట.”

“అక్కచెల్లెళ్ళు?”

“పాడటం మానేశారు.”

“క్లారినెట్?”

“పెట్టెలో పెట్టి కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకున్నాడు.” ఆమె చెయ్యి పేజీ మీద ఆగింది. “అందరికీ ఇదే ఆఖరుది. దీని తర్వాత ఎవరూ... ఏమీ...”

“మీ అత్తయ్య?”

 తను పుట్టకముందు పాడిన ఆ ఒక్క పాట తప్ప, పెంచి పెద్దచేసిన అత్తయ్య నోట ఒక్క లాలి కూడా వినలేదన్న సంగతి ఆమెకి అప్పుడే తట్టింది.

అత్తయ్యగారు షార్ట్‌హ్యాండ్ నేర్పే టీచరు. మాట్లాడమంటే ఆగదు, పాడమంటే మాట్లాడదు. ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్తే, తలుపు తీస్తూనే అతన్ని కింద నుంచి పైకి చూసింది.

“ఈయనేనా చీపురు? చీపురు పుల్లలానే ఉన్నాడే! ఏం చేస్తుంటావు బాబూ?”

“చప్పుళ్ళు తీసేస్తుంటానండీ.”

“అయితే ముందు మా వంటింట్లో పంపు సంగతి చూడు. మూడు నెలల్నుంచి ఏడుస్తోంది.”

“అత్తా! ఆయన ప్లంబర్ కాదు.”

“కాకపోతే నేర్చుకుంటాడు. ఈ ఇంటికి రాకపోకలుండేట్టున్నాయి కదా” అంది, మేనకోడలి చెవులు ఎర్రబడటం చూస్తూ.

పాట సంగతి ఎత్తగానే ఆ ఇంట్లో పంపు తప్ప అన్నీ నిశ్శబ్దమయ్యాయి.

“నా గొంతుకేం జబ్బు రాలేదు” అంది అత్తయ్య. “నీకు తెలియంది ఒకటుంది. ఆ పాట కట్టినాయన ట్రూపులో ఒక పద్ధతి ఉండేదట. ఇద్దరు కలిసి పాడే పాటలో ఆడమనిషి తన వంతు అయిపోగానే సన్నగా కూనిరాగం తీసి, మగవాడికి శ్రుతి అందించాలి. దాన్ని ‘అందింపు’ అనేవాళ్ళు. అందుకుని అతను ఎత్తుకోవాలి.”

“అయితే ఇది డ్యూయెట్టా?” అన్నారిద్దరూ డ్యూయెట్‌గా.

“మూడో చరణం మగవాడిదే. ఆ రోజుల్లో డిస్కు ఒకవైపు మూడుంపావు నిమిషాలు పడితే గొప్ప. ఆవిడ రెండు చరణాలూ సాగదీసి పాడింది. శ్రుతి అందించింది. అతను నోరు తెరిచాడు. అద్దం వెనక రికార్డింగు మనిషి అరచెయ్యి ఎత్తాడు, చోటు అయిపోయిందని. అంతే, ఆపేశారు. డిస్కు వచ్చేసింది. పాట ఊరంతా పాకింది. అతని చరణం అచ్చు కూడా కాలేదు.”

“అతనేమయ్యాడండీ?” అన్నాడు చీపురు.

“ఆ పూటే వానలో బయటికెళ్ళాడట. తర్వాత పాడలేదు. వేరే ఊళ్ళో ఇన్సూరెన్సు ఏజెంటయ్యాడని ఒకరు, అసలు ఏ ఊళ్ళోనూ లేడని ఒకరు.” ఆవిడ గొంతు తగ్గించింది. “నేను పాడిన రోజున నా వంతు అయ్యాక చెవిలో ఆవిడ ‘మ్’ అంది. నాకు తెలియకుండానే నేనూ అన్నాను. అందించాను. అవతల ఎవరూ అందుకోలేదు. ఇన్నేళ్ళూ ఏదైనా పాడదామని నోరు తెరిస్తే, నా స్వరం ఇక్కడ లేదు. అక్కడే ఉంది, చెయ్యి చాపి. ఇచ్చింది ఎవరూ పుచ్చుకోందే ఇంకో పాట ఎలా మొదలెట్టను?”

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర అతని చెయ్యి పట్టుకుంది. “బాబూ, దాని బతుకంతా దాని గొంతే. నీకేమైనా చేతనైతే చెయ్యి.”

శుక్రవారం ఆర్కైవులో పాట ఫైలు దొరికింది. చేత్తో రాసిన కాగితం. కింది మూడోవంతు పైకి మడిచి బంకతో అంటించేశారు. అతను గదికి తెచ్చి, టీ కెటిల్ ఆవిరి మీద పట్టుకుని, గోరుతో పొర పొరగా విప్పాడు. ఆమె ఊపిరి బిగబట్టుకుని అతని భుజం మీంచి చూసింది. నాలుగు పంక్తులు, కింద స్వరాలు. ఆ స్వరాల్ని అతను కంప్యూటర్లో వాయించాడు. డీజే అమ్మాయి రీమిక్స్ చివరున్న ఎనిమిది సెకండ్ల కూనిరాగం పక్కన పెట్టాడు.

మూడో చరణం మొదటి పంక్తే. పొల్లుపోకుండా. యాభై ఏళ్ళు అంటించి ఉన్న కాగితంలోది వాళ్ళకెవరు చెప్పారు?

కిటికీ అవతల వాన మొదలైంది. అది వానేనా అని ఇద్దరూ ఒకేసారి అటు చూశారు.

“డైరెక్టరుగారితో మాట్లాడాను” అంది ఆమె. “ఎవరైనా గాయకుణ్ణి పిలిచి మూడోది పాడిద్దామంటే, ‘పాటకి రెండు చరణాలు చాలు, గడియారానికి కూడా రెండే కాళ్ళుంటాయి’ అన్నారు. అంటే కుదరదని. ఆరున్నరకి వార్తలు.”

“అయితే మీరు పాడకండి.”

“ఎందుకు?”

“పాడినవాళ్ళంతా ఆగిపోయారు కాబట్టి.”

“నేను పాడకపోతే వాళ్ళంతా ఇంకా ఎన్నేళ్ళు చెయ్యి చాపుకుని నిలబడాలి? మా అత్త కూడా ఉందందులో.”

“వాళ్ళ సంగతి వాళ్ళది. మీ గొంతు పోతే?”

“నా గొంతు పోతే మీకేం?”

స్పాంజి గోడలు ఆ ప్రశ్నని మింగేయలేదు. అతని ముందే ఉంచాయి.

“నేను... ఆర్నెల్లుగా... శ్రోతనండీ” అన్నాడు.

“శ్రోతలు ఉత్తరం రాస్తారు. వద్దని చెప్పరు. వద్దని చెప్పాలంటే ఇంకేదో అవ్వాలి. ఏమవుతారో చెప్పండి, ఇప్పుడే మానేస్తాను.”

ఊరందరి మాటల్లోనూ అడ్డం తీసేసే మనిషి, ఆ కాగితాన్ని పాత మడత మీదే మళ్ళీ మడిచాడు. ఆమె కాసేపు చూసింది. ఈసారి చిటికె కూడా వెయ్యకుండా వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రం కంట్రోల్ రూములో అతనే కూర్చున్నాడు. అద్దం అవతల స్టూడియోలో ఆమె, మైకు, కాగితాలు. అంతే. పక్కన డైరెక్టరుగారు గడియారాన్ని చూస్తున్నారు. ఆమె కథంతా చెప్పింది, ఏడు వెర్షన్లూ వినిపించింది. ఆరూ ఇరవై అయిదుకి పాట ఎత్తుకుంది. వాద్యం లేదు. ఒట్టి గొంతు.

‘వస్తే చెప్పు, వాకిట్లో ఉంటాను...’

అతని ముందున్న మీటరులో సూది ఆమెతోపాటు లేచి పడుతోంది. రెండో చరణం అయింది. ఆమె కళ్ళు మూసుకుని శ్రుతి అందించింది. ‘మ్...’

తర్వాత కళ్ళు తెరిచింది. ముగింపు మాటలు చెప్పడానికి చిటికె వేసింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. రాలేదు. చేత్తో గొంతు పట్టుకుంది.

సూది మాత్రం పడలేదు.

స్పీకర్లోంచి కూనిరాగం వస్తూనే ఉంది. ఒక గొంతు కాదు. ఒకదాని మీద ఒకటి, వెనక ఇంకోటి. అతను చెవులతో బతికేవాడు కాబట్టి విడదీసి లెక్కపెట్టగలిగాడు. డిస్కులో ఆవిడ. హోటల్ బ్యాండు. సంగీతం టీచరు. క్లారినెట్ ఆయనది బొంగురు. అత్తయ్య. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక్క ఊపిరిగా. డీజే అమ్మాయి. ఆ చివరన, అన్నింటికంటే కొత్తగా, పొద్దున ఆరింటికి తను వినే గొంతు. ఆమె అద్దం అవతల నోరు తెరుచుకుని మూగగా నిలబడి ఉంది. ఆమె గొంతు వాళ్ళతో పాటు ఇక్కడ స్పీకర్లో ఉంది.

అతను లేచాడు.

“ఏయ్, ఎక్కడికయ్యా!” అన్నారు డైరెక్టరుగారు, జీవితంలో మొదటిసారి డైరెక్టుగా.

కంట్రోల్ రూముకీ స్టూడియోకీ మధ్య రెండు తలుపులు. రెండూ తోసుకుంటూ వెళ్ళి ఆమె పక్కన మైకు ముందు నిలబడ్డాడు. అతని గొంతు గురించి చెప్పాలంటే, చిన్నప్పుడు స్కూల్లో బృందగానానికి నిలబెట్టిన టీచరు ‘నువ్వు పెదవులు కదుపు నాయనా, చాలు’ అని బతిమాలుకుంది. ఆ గొంతుతో ఎత్తుకున్నాడు.

‘వచ్చాను, చెబుతున్నాను...
వాన కాదు, నేనే.
గొడుగు లేదు, సాకు లేదు,
తడిసిన మాటొకటే ఉంది.’

శ్రుతి ఉత్తరానికి, అతను దక్షిణానికి. తుప్పుపట్టిన గేటు ప్రేమలో పడ్డట్టుంది. అద్దం వెనక డైరెక్టరుగారు అరచెయ్యి ఎత్తారు, టైమైపోయిందని. అతను చూశాడు. ఆపలేదు. మిగిలిన ఆఖరి మాట కూడా, ఆమె కళ్ళల్లోకి చూస్తూ, కాగితంలో లేనంత నెమ్మదిగా పాడాడు.

గది నిండా ఉన్న కూనిరాగం ఆగింది. తెగినట్టు కాదు. ఇంటికి చేరిన మనిషి బరువు కింద పెట్టినట్టు ఆగింది.

పక్క స్టూడియోలో వార్తలు మొదలయ్యాయి.

ఇంటిదాకా దింపుతానన్నాడు. ఆమె తల ఊపింది. గొంతు ఇంకా రాలేదు. వీధి దీపాలప్పుడే వెలుగుతున్నాయి, జల్లు పడుతోంది, ఒక్క గొడుగు. మనుషులు అటూ ఇటూ పోతున్నారు. అయినా వెనక నడిచే ప్రతి అడుగూ వానచుక్కలా, ప్రతి వానచుక్కా అడుగులా వినబడుతోంది.

“నొప్పిగా ఉందా? ఉంటే ఒక చిటికె, లేకపోతే రెండు.”

రెండు.

“కోపంగా ఉందా?”

రెండు.

“నేను పాడింది మరీ ఘోరంగా ఉందా?”

ఒకటి. చాలా గట్టిగా. పక్కన పోయేవాడు తిరిగి చూశాడు.

“నిన్న మీరడిగారు, ఏమవుతారని. శ్రోతనని అబద్ధం చెప్పాను. శ్రోతలు రేడియో కట్టేసి పడుకుంటారు. నేను రేడియో కట్టేశాక కూడా మిమ్మల్ని వింటూనే ఉంటాను. నాకు మీరంటే ఇష్టం. మీ గొంతు రాకపోయినా ఇష్టమే. అప్పుడు కూడా నేనే మాట్లాడతాను, మీరు చిటికెలు వేద్దురు గాని. ఇష్టమేనా? తొందర లేదు, ఆలోచించుకుని...”

ఒకటి.

అతను గొడుగు వదిలేశాడు. దాన్ని తీసుకుని నిలబడేసరికి ఇద్దరూ తడిసిపోయారు.

“నిజంగానా? ఎప్పటినుంచి?”

దానికి చిటికెల్లో జవాబు లేదు. ఆమె కాగితం తీసి రాసింది: ‘రేపు ఆరింటికి. మైకు ముందే ప్రయత్నిస్తాను. అక్కడ రాకపోతే ఇంకెక్కడా రాదు.’

పొద్దున అయిదూ యాభై తొమ్మిది. అతను బతిమాలి డ్యూటీ మార్చుకుని కంట్రోల్ రూములో కూర్చున్నాడు. ఆమె గొంతు రాకపోతే వెయ్యడానికి వేరేవాళ్ళ గొంతుతో రికార్డు చేసిన ప్రకటన సిద్ధంగా ఉంది. దాని బటన్ మీదే అతని వేలు ఉంది.

ఆరు. ఎర్ర దీపం వెలిగింది. మైకు తెరుచుకుంది.

ఆమె పెదవులు తడుపుకుంది.

ఒక సెకండు. రెండు. అయిదు. రేడియోలో అయిదు సెకండ్ల నిశ్శబ్దమంటే ఊరు లేచి కూర్చుంటుంది. ఏడు. సూది అడుగున పడి ఉంది. ఎనిమిది. కూనిరాగం కూడా లేదు, ఎవరిదీ.  బటన్ నొక్కితే ఆమె అనౌన్సరు ఉద్యోగం అక్కడితో సరి. నొక్కలేదు. పది.

“సమయం... ఆరు గంటల పదకొండు సెకండ్లు.”

కాస్త బొంగురుగా ఉంది. ఆమెదే.

“ఆలస్యానికి మన్నించాలి. ముందుగా ఓ శ్రోత ప్రశ్న. ‘ఎప్పటినుంచి’ అని అడిగారు. అది చెప్పను. ‘ఎప్పటిదాకా’ అని అడిగితే చెప్తాను.”

మైకు తెరిచి ఉండగా స్టూడియోతో మాట్లాడే బటన్ నొక్కకూడదన్నది ఆ గదిలో మొట్టమొదటి రూలు. అతను నొక్కాడు.

“ఎప్పటిదాకా?”

ఆ గేటు గొంతు ఊరంతా వినబడింది. డైరెక్టరుగారి ఫోను మోగడం మొదలుపెట్టింది. అద్దం అవతల ఆమె ఊపిరి తీసుకుంది. సూది లేచింది. ఈసారి దాంతోపాటు పెదవులూ కదిలాయి.

“మీరు వినడం మానేసేదాకా.”